పంటిసందులో గాలి

పగ కొందరికి జ్వరంలా వచ్చి పోతుంది. ఆమెకు మాత్రం అద్దెకు దిగి, సామాను సర్దుకుని, ఇంటివాళ్ళకంటే గట్టిగా పాతుకుపోయింది.

ఆమె పని కట్టుడు పళ్ళు తయారు చెయ్యడం. పంటి డాక్టర్లు చిగుళ్ళ అచ్చు పంపిస్తే దాని మీద మైనం పెట్టి, మైనంలో పళ్ళు ఒక్కొక్కటీ నాటి, నోట్లో పెట్టి చూడమని తిరిగి పంపుతుంది. డాక్టరు సరేనన్నాక గట్టి పలువరుస పోతపోస్తుంది. ఇది జీతం వచ్చే కొలువు. జీతం రాని కొలువు ఇంకొకటుంది. ఒక రాక్ బ్యాండ్ గురించి ఇంటర్నెట్‌లో వారం వారం ఒక పేజీ రాస్తుంది. కొత్త పాట ఎప్పుడొస్తుంది, డ్రమ్స్ కొట్టేవాడి మోచెయ్యి నొప్పి తగ్గిందా, ఫలానా పాటలో గిటారు మధ్యలో ఎందుకు అలిగింది, అన్నీ అందులో ఉంటాయి. వార్త సగం, వేదాంతం సగం.

ఆ బ్యాండ్‌లో పాడేవాణ్ణి అభిమానులంతా బొంగురు అంటారు. ఆ బొంగురే ఆమె పరువు తీశాడు.

ఆయన ముందు పళ్ళ మధ్య సందుండేది. "సగం కాలిన సాయంత్రం" అనే పాటలో పల్లవి దగ్గర వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. ఆయన ఒక్కడే ఆ మూడు మాటలూ అంటాడు. "స" వచ్చినప్పుడల్లా ఆ సందులోంచి సన్నగా గాలి పోతుంది, నిప్పు మీద నీళ్ళు చల్లినట్టు. అప్పుడు హాలు హాలంతా పళ్ళ మధ్యనుంచి అదే చప్పుడు తిరిగి చేస్తుంది. ఆ ఆచారం ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు గానీ, ఆ గాలి గురించి మొట్టమొదట రాసింది మాత్రం ఆమే. ఏ అక్షరం దగ్గర అది ఎలా పోతుందో, ఎక్కడ ఈల అవుతుందో, ఎక్కడ నిట్టూర్పు అవుతుందో, పూసగుచ్చినట్టు రాసింది.

ఒక కచేరీలో పాటకీ పాటకీ మధ్య బొంగురు ఫోన్ తీసి, మన అభిమానులు ఏమేం రాస్తున్నారో వినండంటూ అది చదివాడు. పెళ్ళికూతురు సిగ్గుపడుతున్నట్టు గొంతు మార్చి మరీ చదివాడు. హాలంతా పడీ పడీ నవ్వింది. అంతటితో వదిలినా బాగుండేది. రాసినావిడ వచ్చిందా అని అడిగాడు. పక్కనున్న స్నేహితురాలు ఉత్సాహంగా ఆమె చెయ్యి పైకెత్తింది. లైటు తెచ్చి ఆమె మొహం మీద వేశారు. "నమస్కారం, పంటిసందు గారూ" అన్నాడాయన.

ఆ పేరు అతుక్కుపోయింది. పేజీ చదివేవాళ్ళు అదే పేరుతో పిలిచారు. ఇంట్లో ఒకే గదిలో ఉంటున్న అక్క కూడా, కోపం వస్తే చాలు, "పో పంటిసందూ" అనేది. బ్యాండుని వదిలెయ్యవే అని అక్కే చాలాసార్లు చెప్పింది. పాట చేసిన తప్పేముందని ఆమె వదల్లేదు. బొంగురుని మాత్రం క్షమించలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆయన మొహం మీద అలాంటి లైటు పడి, చుట్టూ అలాంటి నవ్వు లేవాలి. ఆమెకు కావలసింది అంతే.

వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఏమిటో ఆమెకు ఒక పగటిపూట, పని బల్ల దగ్గర తెలిసింది. బొంగురు స్టేజి మీదనుంచి పడ్డాడని, పై పళ్ళన్నీ తీసెయ్యాల్సి వచ్చిందని కొన్ని నెలల కిందటే తన పేజీలో రాసింది. ఇప్పుడు పెట్టె విప్పితే లోపల ఆయన పై దవడ అచ్చు. దానికి చుట్టిన చీటీ మీద ఆయన పేరు, కింద డాక్టరు సూచన. పళ్ళు సమంగా, తెల్లగా, సందులు లేకుండా ఉండాలని రోగి కోరుతున్నారట.

అచ్చుని అరచేతిలో పెట్టుకుంది. ఇన్నాళ్ళూ తనను చూసి నవ్విన నోరు, సున్నపు ముద్దగా చేతికి చిక్కింది.

ఆమె పనిచేసే ల్యాబ్‌లో ఒక పద్ధతుంది. పళ్ళు నాటేముందు రోగి నవ్వుతున్న పాత ఫొటో తెప్పించి చూడాలి. పాత నవ్వుకి, చీటీలో రాసినదానికి పొంతన లేకపోతే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పాలి. అక్కడ అందరికంటే పెద్దవాడైన మేస్త్రి పెట్టిన నియమం అది. ఆమె ఫోన్ చెయ్యలేదు. పాత ఫొటో చూశావా అమ్మాయ్ అని మేస్త్రి అడిగితే, చూశాను బాబాయ్ అంది. అబద్ధం కాదు, ఇంట్లో గోడ నిండా అవే.

ఆమె వంకర పని చెయ్యలేదు. అదే ఆమె గొప్ప. ఆయన అడిగింది అడిగినట్టే, వెంట్రుక వాసి తేడా రాకుండా కట్టింది. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు, ఆమె మాత్రం తనకు తెలిసిన విద్యంతా పెట్టి మరీ ఆయన గాలి తీసింది. డాక్టరు దగ్గర అద్దంలో చూసుకుని ఆయన మురిసిపోయాడని కబురొచ్చింది. పంటి డాక్టరు కుర్చీలో ఎవరు పాట పాడి చూసుకుంటారు?

ఆ పళ్ళతో ఆయన చేసిన మొదటి కచేరీకి అక్కని కూడా వెంటపెట్టుకుని వెళ్ళింది. పల్లవి దగ్గర వాయిద్యాలు ఆగాయి. హాలు ఊపిరి బిగబట్టింది. బొంగురు ఆ మూడు మాటలూ అన్నాడు. వార్తలు చదివేవాడు ఉష్ణోగ్రత చెప్పినట్టు, శుభ్రంగా, స్పష్టంగా. గాలి లేదు. జనం తిరిగి చెయ్యాల్సిన చప్పుడు ఎవరి నోటా రాలేదు. ఆయన మళ్ళీ అన్నాడు. వెనక వరసలో ఒకడు కిసుక్కుమన్నాడు, ఆ తర్వాత హాలంతా అందుకుంది. ఆమె కళ్ళనిండా నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ రాత్రి పేజీలో రాసింది కూడా: బొంగురుకి పలువరుస వచ్చింది, పాట ఊడిపోయింది.

నవ్విన నాపచేనే పండింది. అయితే పంట ఇంటికి తెచ్చుకున్నాక తినబుద్ధి కాలేదు. మర్నాటినుంచి పాత రికార్డింగు పెట్టుకుంటే ఆ గాలి దగ్గరికి రాగానే ఆపేసేది. ఇంక అది ఈ లోకంలో లేదు. తీసేసింది తను. అందుకు కూడా ఆయన మీదే కోపం వచ్చింది.

కొన్నాళ్ళకి, ల్యాబ్ నిండా మనుషులున్న సమయంలో, బొంగురు స్వయంగా వచ్చాడు. ఈ పళ్ళు ఎవరు కట్టారని అడిగాడు. నేనే అంది. ఆమెను గుర్తుపట్టలేదు. తప్పు మీది కాదు, నేనడిగిందే కట్టారు, కానీ నాకు నా పాత సందు కావాలి అన్నాడు. ఫోన్లో పాత ఫొటోలు చూపించాడు. మేస్త్రి అవి చూసి పెదవి విరిచాడు. సందు ఎంత వెడల్పో ఫొటోలో తెలుస్తుంది గానీ, గాలి ఎటునుంచి ఎటు పోయేదో ఎలా తెలుస్తుందన్నాడు.

"అది ఒకావిడ రాసిందండి" అన్నాడు బొంగురు. "ఏ అక్షరానికి ఎలా పోయేదో మొత్తం రాసింది. అప్పుడు నాకు నవ్వులాటగా అనిపించింది. ఇప్పుడు అదొక్కటే దిక్కు."

"చదవండి" అందామె.

ఆయన ఫోన్లో వెతికి గొంతు సవరించుకున్నాడు. ఆమె చెయ్యి చాపింది.

"ముందు ఆ పళ్ళు తీసి ఇటివ్వండి. చూస్తూ వింటాను."

ఆయన చుట్టూ చూశాడు. కిటికీ దగ్గర మైనం కరిగిస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు, పెట్టెలు పట్టుకెళ్ళడానికొచ్చిన మనిషి, మేస్త్రి, అందరూ ఇటే చూస్తున్నారు. పళ్ళు లేకుండా మాట సరిగ్గా రాదండి అని గొణిగాడు.

"పరవాలేదు. లైటు దగ్గరికి జరగండి, అక్షరాలు కనబడతాయి."

ఆయన పళ్ళు తీసి ఆమె చేతిలో పెట్టాడు. పని బల్ల మీది దీపం మెడ వంచి ఆమె దాన్ని ఆయన మొహం మీదికి తిప్పింది. ఆయన చదివాడు. ముందు పళ్ళ మధ్య పోయే గాలి ఈ బ్యాండ్‌లో ఐదో వాయిద్యం అన్న చోటికి వచ్చేసరికి మాటలు పెదాల మధ్య ముద్దయిపోయాయి. పెట్టెల మనిషి ఆపుకోలేక నవ్వాడు. అది చూసి ఆడవాళ్ళు నవ్వారు.

"వినబడలేదు. మళ్ళీ" అందామె.

మళ్ళీ చదివాడు. చెవులదాకా ఎర్రబడిపోయాడు. చదవడం అయిపోయాక, ఆమె నెమ్మదిగా, ఆయన ఆనాటి గొంతుతోనే అడిగింది.

"రాసినావిడ వచ్చిందా అని అడగరేం?"

ఆయన నోరు తెరిచి, వెంటనే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చెయ్యి వెనకనుంచే క్షమించమన్నాడు.

"నవ్వినవాళ్ళంతా ఇక్కడ లేరు. స్టేజి మీద చెప్పండి. నేను రాసింది కూడా మొత్తం చదవండి, ఈసారి మీ గొంతుతో."

ఆయన తలూపాడు. ఆమె ఫొటోలైనా చూడకుండా సన్నని చక్రం తిప్పి రెండు ముందు పళ్ళ మధ్య దారి తీసింది, పళ్ళు ఆయనకిచ్చింది. ఆయన పెట్టుకుని ఆ మూడు మాటలూ అన్నాడు. గాలి వచ్చింది. ఆమె ఏడుపు కనబడకుండా గోడవైపు తిరిగి, తిరిగినట్టే ఉండి చెయ్యి వెనక్కి చాపింది.

"ఇంకా పాలిష్ చెయ్యాలి. కచేరీ రోజున వచ్చి తీసుకోండి."

పాలిష్‌కి టీ తాగినంత సేపు కూడా పట్టదని ఆ ల్యాబ్‌లో అందరికీ తెలుసు. మేస్త్రి ఆమె వంక చూశాడు, ఆమె చాపిన చెయ్యి వంక చూశాడు.

"అవునండీ" అన్నాడు. "పాలిష్‌కి టైం పడుతుంది."

బొంగురు పళ్ళు ఇచ్చేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వీధిలోకి దిగాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళలో ఎవరో గుర్తుపట్టారు. క్షణంలో చుట్టూ గుంపు చేరింది. కిటికీలోంచి ఆమెకు ఒక గొంతు స్పష్టంగా వినబడింది.

"సార్, ఫొటో. చెయ్యి తీసి ఒక్కసారి నవ్వండి సార్."