తొమ్మిదో పేరు

త్రివేణి ఉద్యోగం పాత కాగితాలు చదవడం. అమెరికా విదేశాంగ విధానం ఏ రోజు ఎవరి మాట మీద ఎటు తిరిగిందో తెలిపే టెలిగ్రాములూ మెమోలూ ఏరి, రహస్య ముద్ర తొలగాక సంపుటాలుగా వేసే ఒక చిన్న ప్రభుత్వ విభాగంలో ఆమె చరిత్రకారిణి. ముద్ర తొలగేదాకా చదివినది బయట చెప్పకూడదు. చెబితే ఉద్యోగం పోతుంది, జైలు కూడా పడొచ్చు. పధ్నాలుగేళ్ళలో ఆమె నోరు జారలేదు. అందుకు ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది.

వర్జీనియాలో వాళ్ళ పక్కింటావిడ ఎల్వీరా. డెబ్భై ఆరేళ్ళు. రోజూ మధ్యాహ్నం వచ్చి త్రివేణి తల్లి జ్ఞానప్రసూన దగ్గర కూర్చునేది. ఇద్దరూ రిటైరైన టీచర్లే, ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లిషే. యాభై ఏళ్ళ కిందట దక్షిణ అమెరికాలో ఆమె దేశాన్ని సైన్యం లాక్కుంది. టీచర్ల సంఘంలో ఉన్న ఆమె భర్తని ఒక ఉదయం తీసుకెళ్ళారు. మళ్ళీ కనపడలేదు. అదే వారం ఆమె తమ్ముడు టొమాస్ సైనిక శిబిరం గేటు దగ్గర కనపడ్డాడని ఎవరో చెప్పారు. భర్త పేరు సైన్యానికి అందించింది వాడేనని ఎల్వీరా నమ్మింది. తర్వాత తమ్ముడూ అమెరికా వచ్చి, ఎక్కడో దూరాన ప్లేనో అనే ఊళ్ళో స్థిరపడ్డాడు. ఆమె వాడితో ఒక్క మాట మాట్లాడలేదు.

ఒక మార్చి నెలలో, ఆ రోజుల్లో ఎల్వీరా దేశం నుంచి పంపిన, ఇంకా రహస్య ముద్ర తొలగని టెలిగ్రాము ఒకటి త్రివేణి చేతికి వచ్చింది. అక్కడి అమెరికన్ ఎంబసీ అధికారి ఒకడు పధ్నాలుగు పేర్లు సైన్యానికి అందజేసినట్టు వాషింగ్టన్‌కి రాశాడు. తొమ్మిదో పేరు ఎల్వీరా భర్తది. ఎక్కడి నుంచి తెలిసిందో కూడా పక్కనే ఉంది: 'అతని సొంత వీసా దరఖాస్తు.' టొమాస్ పేరు ఎక్కడా లేదు.

పదకొండు రోజుల తర్వాత ఎల్వీరా ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. టొమాస్‌కి కేన్సర్ ముదిరిందట. ఒక్కసారి మాట్లాడమని అతని కూతురు లూసియా బతిమాలుతోంది.

"నువ్వు ఆ కాగితాలు చూస్తావుగా. వాడేనా, కాదా? తల ఊపు చాలు," అంది ఎల్వీరా.

త్రివేణి స్టవ్ ఆపింది. "అలాంటి కాగితం ఏదీ లేదు ఆంటీ."

"వాడు కాదని చెప్పేది ఏదీ లేదా?"

"లేదు."

ఎల్వీరా అక్కడే నిలబడి ఫోన్ చేసి, ఇంక నాకు కాల్ చేయొద్దని మేనకోడలికి చెప్పింది. టొమాస్ ఐదు వారాలకి పోయాడు.

రెండేళ్ళకి సంపుటం వెలువడింది. మీటింగ్‌లో పైఅధికారి త్రివేణిని పేరుపెట్టి మెచ్చుకున్నాడు. ఆ శనివారం ఆమె ఆ పేజీ ప్రింట్ తీసి ఎల్వీరా ఇంటికి వెళ్ళింది. మంచి పనే చేస్తున్నాననుకుంది.

ఎల్వీరా కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"ఇది నువ్వు ఎప్పుడు చూశావు?"

త్రివేణి అబద్ధం వెతికింది. దొరకలేదు. "మీరు అడగడానికి పదకొండు రోజుల ముందు."

ఎల్వీరా కాగితం బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. "ఆ దరఖాస్తు టైప్ చేసింది నేను. సంఘంలో ఉన్నట్టు రాయొద్దులే అన్నాడు మా ఆయన. అమెరికన్లకి నిజాయితీ అంటే ఇష్టం, రాద్దామన్నాను."

ఎల్వీరా తన ఫోన్ త్రివేణి చేతిలో పెట్టింది. "లూసియాకి నువ్వే చెప్పు."

చెప్పింది. లూసియా నెమ్మదిగా, "చివరి వారం మా నాన్న ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు," అని కాల్ కట్ చేసింది.

"మళ్ళీ చెయ్యి," అంది ఎల్వీరా.

తొమ్మిదిసార్లు చేయించింది. లూసియా ఎత్తలేదు.

ఇంటికొచ్చి త్రివేణి తల్లికి అంతా చెప్పింది. "అది రూల్ అమ్మా. నేనేం చేయగలను?"

జ్ఞానప్రసూన ఆమె వైపు తిరిగింది. "చెప్పకూడదన్నది రూలు. ఏమీ లేదని చెప్పమన్నదెవరే? నాకు తెలీదనో, చెప్పలేననో అంటే నీ సొమ్మేం పోయేది? చెప్పలేనంటే ఆవిడకి అనుమానమైనా మిగిలేది కదా."

"ఆవిడ మళ్ళీ అడుగుతుందని భయమేసింది."

"అంతేనా?" అంది తల్లి. కర్ర అందుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

మే నెలలో ఎల్వీరా ఒక్కతే ప్లేనో వెళ్ళింది. లూసియా తలుపు తీయలేదు. లోపల టీవీ చప్పుడు మాత్రం వినిపించిందట. ఎండలో మెట్ల మీద గంటన్నర కూర్చుంటే, పక్కింటి వాళ్ళెవరో మంచినీళ్ళిచ్చి శ్మశానం అడ్రస్ రాసిచ్చారు. అక్కడికి వెళ్తే, ఆదివారమని శ్మశానం ఆఫీసు మూసేశారు. వరసలన్నీ తిరిగింది కానీ టొమాస్ సమాధి ఎక్కడో తెలియలేదు. సాయంత్రం ఫ్లైట్‌కి తిరిగొచ్చేసింది.

ఇదంతా జ్ఞానప్రసూనే కూతురికి చెప్పింది. ఇప్పుడు మధ్యాహ్నాలు ఆవిడే కర్ర పట్టుకుని ఎల్వీరా ఇంటికి వెళ్తోంది. త్రివేణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తానంటే వద్దంటోంది.