సగటు ఎత్తున కట్టిన సంగటి గట్టు

ఆ ఉదయం మదనపల్లెలో మా విశ్రాంత ఉద్యోగుల సంఘం కొత్త వంటశాలకు హాజరైనవారు, కూర్చున్న వరుసలో: అధ్యక్షుడినైన నేను, నా కుడివైపు కోశాధికారి వెంకటముని, ఆయన పక్కన యువ ఇంజనీరు భానుప్రకాశ్. ఎదురుగా నిలబడినవారు వంటమనుషులు ముగ్గురు: మదనపల్లె కుల్సుమ్, పుంగనూరు కుప్పమ్మ, కుప్పం మునీశ్వరి.

మూడు ఊళ్ళలోనూ తక్కువ ధరకు భోజనం పెట్టాలని సంఘం తీర్మానించింది. భోజనమంటే మా ప్రాంతంలో ముందుగా రాగి సంగటి. కుండను నేలమీదికి దించి, పాదాలతో అదిమిపట్టి, కట్టెతో గెలికే శ్రమను ఈ స్త్రీలకు తప్పించాలని భానుప్రకాశ్ సంకల్పించాడు. ముగ్గురి ఎత్తులూ కొలిచి, మూడు ఊళ్ళకూ ఒకే కొలత ఉండేలా సగటు తీసి, దానికి తగిన నల్లరాతి గట్టు కట్టించాడు. దానిమీది పొయ్యిపై కుండ ఉంచి, నిలబడే గెలకవచ్చు. అది అతని మొట్టమొదటి స్వతంత్ర నిర్మాణం. ఇది నెగ్గితే తక్కిన రెండు ఊళ్ళ పనీ అతనిదే.

మొదట కుప్పమ్మ గెలికింది. గట్టు ఆమె ఛాతీదాకా వచ్చింది. కట్టె కొన తలకంటే ఎత్తున ఊగింది. చేతికి బలం అందక పిండి ఉండలు కట్టింది.

"ఏం కుప్పమ్మా, ఇన్నేండ్ల వంట యాడ పోయింది?" అన్నాడు వెంకటముని. నా వైపు తిరిగి, "పుంగనూరికి గట్టుకు సరిపోయే మనిషినే సూసుకుందాం సార్. రాయిని మార్సలేం గదా" అన్నాడు.

కుప్పమ్మ ముఖం వాడిపోయింది. ఆ జీతంమీదే ఆమె ఇల్లు నడవాలి.

ఒక్కరిని పరీక్షించి తీర్పు చెప్పడం నా పద్ధతి కాదు. అదే కుండను తక్కిన ఇద్దరినీ గెలకమన్నాను. పొడగరి కుల్సుమ్ వంగి నాలుగు తిప్పులు తిప్పి నడుం పట్టుకుంది. "యా అల్లా! ఈడ నెల్రోజులు పనిచేస్తే నన్ను మోసుకుపోవాల సాబ్!"

మునీశ్వరి ఎత్తు దాదాపు ఆ సగటే. భానుప్రకాశ్ ముఖం వెలిగింది. కానీ ఆమెది ఎడమచేతి వాటం, ఎడమవైపు గోడ. మోచెయ్యి గోడకు కొట్టుకుని కట్టె జారిపోయింది.

దాంతో కుప్పమ్మకు ధైర్యం వచ్చింది. "సారూ, మా ముగ్గురికీ కుదరకపోతే ఇది ఎవురికి కట్టినట్టు? ఆయమ్మ యాడుండాదో పిలిపించండి. ఆమే వండుతాది, మేం కూసోని తింటాం."

కుల్సుమ్ పగలబడి నవ్వింది. సభామర్యాద దృష్ట్యా నేను అణచుకున్నాను.

"నవ్వులు సరే. కుప్పమ్మకు చేతకాలేదని రాసేస్తా" అంటూ వెంకటముని కలం తీశాడు.

అప్పుడు భానుప్రకాశ్ లేచాడు. చొక్కా చేతులు మడిచి, వేడి కుండను గుడ్డతో పట్టి తానే నేలమీద పెట్టాడు. "మీ ఇంట్లో మాదిరే గెలకండమ్మా."

కుప్పమ్మ పీటమీద కూర్చుని, కుండను ఆ గుడ్డతోనే పాదాల మధ్య బిగించి, వేణ్ణీళ్ళు చిలకరించి గెలికింది. ఉండలన్నీ కరిగి సంగటి నున్నబడింది.

"చేతకానిది ఆమెకు కాదు సార్, నా గట్టుకు. తప్పు నా పేరున రాయండి."

"అట్ల రాస్తే నీకు ఇంగ యాడ పని వస్తాదప్పా?"

"రాకపోనీండి. రాయండి."

వెంకటముని కలం కదలలేదు. నేనే తీసుకుని రాశాను: కుప్పమ్మను పుంగనూరు వంటశాలకు నియమించడమైనది. గట్టును తొలగించి, ప్రతి పొయ్యినీ దానిముందు పనిచేసే మనిషి కొలతకే అమర్చే పని భానుప్రకాశ్‌కే అప్పగించడమైనది. ఒక స్త్రీ జీవనోపాధి పోకుండా, తన తొలి నిర్మాణంలోని లోపాన్ని నిండు సభలో తన పేరున రాయించుకున్న శ్రీ భానుప్రకాశ్ చర్యను ఈ సంఘం గౌరవపూర్వకంగా గుర్తిస్తున్నది.