ఎంతమందికి?

ఆస్పత్రి వంటగదిలో ఆవిడని అందరూ పెద్దక్క అనేవారు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. పరాయి దేశంలో అడుగుపెట్టిన నాటి నుంచీ అదే వంటగది, అదే ఆవిరి, నడుముదాకా వచ్చే అవే డేగిసాలు. ఉద్యోగం ముగిశాక, ఇక ఇక్కడ తనకెవరున్నారని, సొంత దేశంలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోవాలని తేల్చుకుంది.

సామాను ఓడలో వెళ్ళాలి. ప్యాకింగు వాళ్ళు మర్నాడు వస్తారు. గది నిండా అట్టపెట్టెలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య, మిగిలిన ఒకే ఒక్క కుర్చీలో కూర్చుని, పెద్దక్క బిస్కెట్ల డబ్బాలోంచి వంటల కాగితాలు తీసి ఫోనులోకి ఎక్కిస్తోంది. ఇది మేనకోడలి సలహా. "ఆ చిత్తుకాగితాలన్నీ మోసుకొస్తావా అత్తా? యాప్‌లో పెట్టుకో. ఫోను పోయినా వంటలు పోవు" అని, ఆ యాప్ తనే పంపించింది.

కాగితాలంటే కాగితాలా అవి! మందుల పెట్టెల అట్టముక్కలు, పాత క్యాలెండర్ల వెనకవైపులు. నూనె మరకలకి కొన్ని అవతలివైపు కనిపించేంత పలచబడ్డాయి. ఒకదాని మీద 'ఉప్పు నిన్నటికన్నా తక్కువ' అని ఉంది. ఏ నిన్నో ఆ దేవుడికే తెలియాలి. చూపుడువేలితో ఒక్కో అక్షరం పొడుస్తుంటే, జీలకర్ర కాస్తా 'జిల్లా కర్ర' అయి కూర్చుంటోంది.

గుమ్మడికాయ సూపూ, దాంతోపాటు రోగులకిచ్చే బన్నులూ ఎక్కించాక యాప్ అడిగింది: ఎంతమందికి?

ఎనభై అని కొట్టింది. పక్కన సంఖ్య మార్చుకునే గడి ఇంకొకటి ఉంది. ఊరికే చూద్దామని ఒకటి అని కొట్టింది. అంకెలన్నీ ఒక్కసారిగా కుంచించుకుపోయాయి. బన్ను మీద పూతకి గుడ్డు ఇరవయ్యో వంతు అట!

పెద్దక్కకి నవ్వు ఆగలేదు. "ఇరవయ్యో వంతు గుడ్డు ఏ కోడి పెడుతుందే!" అని పైకే అనేసి, ఎవరో ఆ మాట అందుకుంటారన్నట్టు పక్కకి చూసింది. వంటగదిలో అయితే గిన్నెలు కడిగే ఆవిడ అందుకుని సాయంత్రం దాకా సాగదీసేది. ఇక్కడ అట్టపెట్టెలు తప్ప ఎవరూ లేరు.

ఆ గిన్నెలు కడిగే ఆవిడకే ఫోను చేసింది. "పెద్దక్కా! చేతులు నురుగులో ఉన్నాయి, మళ్ళీ చేస్తా" అని గిన్నెల మోత మధ్యే ఆవిడ పెట్టేసింది. మళ్ళీ చేయలేదు. ఆ డ్యూటీలో ఊపిరి పీల్చుకోవడానికే తీరదని పెద్దక్కకి తెలియనిదా!

సరే, ఒక్క మనిషికి ఎలా వస్తుందో చూద్దామని లేచింది. ఇంకా సర్దని చిన్న గిన్నెలో గుమ్మడిముక్కలు ఉడికించింది. అలవాటు చొప్పున చెయ్యి జారి ఉప్పు ఎక్కువైంది. నీళ్ళు పోస్తే చప్పబడింది. మిరియాలు వేస్తే గొంతు మండింది. ఇన్నేళ్ళు ఊరందరికీ వండిపెట్టిన చెయ్యి ఒక్క పొట్ట దగ్గరికి వచ్చేసరికి తడబడింది. గిన్నెలోనే చెంచా పెట్టుకుని, కిటికీ దగ్గర నిలబడి తాగింది. సగం వదిలేసింది.

అప్పుడే తమ్ముడి భార్య ఫోను చేసింది.

"వదినా, మీ పైగదికి రంగులు వేయించాం. కిటికీలకి తెరలు కూడా కట్టాను. మీరొచ్చి హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చోండి. వంటింటి వైపు తొంగి కూడా చూడక్కర్లేదు. ఇన్నేళ్ళు గరిట తిప్పింది చాల్లేదా?"

మరదలు ఈ మాట అనడం ఇది మొదటిసారి కాదు. ప్రతిసారీ పెద్దక్క నవ్వేసేది. ఇవాళ నవ్వు రాలేదు.

"చూడక్కర్లేదా, చూడకూడదా?" అంది.

అవతల కుక్కర్ కూత ఒకటి వినిపించింది.

"అదేంటి వదినా, అలా అంటారు..."

"కోపం లేదమ్మాయ్. ఉన్నదున్నట్టు చెప్పు. అక్కడికొచ్చాక ముఖాలు ముడుచుకోవడం కన్నా ఇప్పుడే తెలిస్తే మంచిది."

మరదలు గొంతు తగ్గించి, "ఆయన ఇప్పటికీ ముద్ద నోట్లో పెట్టుకుని 'మా అక్క అయితేనా' అంటారు. ఆ అక్కే వచ్చి పొయ్యి దగ్గర నిలబడితే నేనెక్కడ నిలబడాలి? ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా?" అంది.

పెద్దక్కకి తమ్ముడి మీద ఒళ్ళు మండింది. "వాడి మొహం! వాడు నా వంట తిన్నది మూతి మీద మీసం రాకముందు. అప్పట్లో నాకు మాడ్చకుండా వండటం కూడా చేతకాదు."

మరదలు కిసుక్కున నవ్వింది. నవ్వుతూనే ముక్కు ఎగబీల్చింది.

"కానీ నన్ను వట్టినే కూర్చోబెడితే పిచ్చెక్కుతుందే. వారానికి మూడు పూటలు పొయ్యి నాకివ్వు. నీ పూట నేను వంక పెట్టను. నా పూట నువ్వు మూత తీసి చూడకు."

"మూడు కాదు, రెండు" అంది మరదలు చప్పున. అని, తనే నాలిక్కరుచుకుని, "ముందు రెండు వదినా. తర్వాత చూద్దాం" అంది.

"సరే, రెండే."

పెద్దక్క మనసు కొంచెం తేలికపడింది. కొంచెమే. ఆ రెండు పూటలూ పోగా మిగిలిన వారమంతా ఆ కొత్త తెరల వెనక తనకోసం కాచుకుని ఉన్నట్టే తోచింది.

మర్నాడు ప్యాకింగు వాళ్ళు వచ్చి కుర్చీతో సహా ఊడ్చుకుపోయారు. ఖాళీ గదిలో ఆవిడ దగ్గు ఆవిడకే తిరిగి వినిపించింది. తాళంచెవి ఇంటివాళ్ళ ఉత్తరాల పెట్టెలో పడేసి, చేతిసంచీతో బయటికొచ్చింది. ఎదురింటి తలుపు మూసే ఉంది. దాని వెనక ఎవరుంటారో తెలుసుకోకుండానే ఇన్నేళ్ళూ గడిచిపోయాయి. వెళ్ళొస్తానని చెప్పాలంటే, ముందు వచ్చానని చెప్పి ఉండాలి కదా! తలుపు తట్టబోయి, చెయ్యి దించేసుకుని మెట్లు దిగింది.

టాక్సీ అతను సంచీ అందుకుని, "ఇంకా ఎవరైనా రావాలా అమ్మా?" అన్నాడు.

పెద్దక్క ఒకసారి మెట్లవైపు చూసింది.

"ఎవరూ లేరు బాబూ. పోనివ్వు."