‘మార్గరెట్ కె’లో వేడినీళ్లు

పక్షవాతం వచ్చాక వెండెల్‌కు మాటలన్నీ పోయి రెండే మిగిలాయి. ఒకటి “కాదు”, రెండోది “దద్దమ్మ”. డాక్టరు ఆ జబ్బుకేదో నోరు తిరగని పేరు చెప్పాడు గాని, భార్య లోర్నాకు అందులో వింతేమీ కనిపించలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన ఎక్కువగా వాడిన మాటలే అవి. రోజూ వాడే పానా పెట్టెలో పైనే ఉంటుంది కదా.

ఆ రెండు మాటలకు తోడు చేతికర్ర ఒకటి. కుడివైపంతా చచ్చుబడిపోయింది, ఎడమ చెయ్యి మాత్రం ఇనుములా ఉంది. మంచినీళ్లు కావాలంటే నేల మీద ఒక్కసారి కొడతాడు. లోర్నా ఏదైనా తప్పు చేస్తే టక టక టకమని ఆగకుండా కొడతాడు. పోర్ట్ టౌన్సెండ్ రేవులో అటు ఇటు నాలుగు పడవల దాకా వినిపిస్తుంది. “పొద్దున్నే మొదలెట్టాడే మీ ఆయన,” అని పక్క పడవ గస్ నవ్వేవాడు. లోర్నాకు కర్ర చప్పుడు కంటే ఆ నవ్వే ఎక్కువ బాధ.

వాళ్లకు ఇల్లంటూ లేదు. నలభై అడుగుల పాత చెక్క పడవ, వెండెల్ తన తల్లి పేరు పెట్టుకున్న ‘మార్గరెట్ కె’, అదే ఇల్లు. ఆ ఇంట్లో ఇప్పుడు గీజర్ కారుతోంది. ట్యాంకులో ఒత్తిడి పెరిగితే బయటికి వదిలే ఇత్తడి వాల్వు ఒకటుంటుంది, అది ముసలిదైపోయి బొట్టు బొట్టుగా ఏడవడం మొదలుపెట్టింది. ఆ నీళ్లు క్యాబిన్ నేల మీదికి పాకాయి. పోయిన మంగళవారం వచ్చిన నర్సు యోలాండా ఆ తడిలోనే జారి, బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది.

“జారింది నేను కాబట్టి సరిపోయింది. ఆయన జారితే?” అంది ఆమె. “చూడండి లోర్నా, వచ్చే మంగళవారం రెండింటికి వస్తాను. నేల పొడిగా ఉండాలి, కుళాయి తిప్పితే వేడినీళ్లు రావాలి. ఈ రెండూ లేకపోతే పక్షవాతం మనిషిని పడవలో ఉంచమని నేను రాయలేను. కొండ మీది వృద్ధుల హోముకు పంపించాల్సిందే.”

ఆ హోము సంగతి ఇద్దరికీ తెలుసు. ఆసుపత్రి నుంచి వచ్చాక వెండెల్ అక్కడ మూడు వారాలున్నాడు. కిటికీలోంచి చూస్తే కార్లు నిలిపే చోటు తప్ప సముద్రం చుక్క కనపడదు. తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకునేవాడు. లోర్నాయే పట్టుబట్టి తీసుకొచ్చేసింది. “నిన్ను మళ్లీ ఇక్కడికి పంపను, ఒట్టు,” అని ఆయన చచ్చుబడిన చేతిని పట్టుకుని చెప్పింది. ఆ ఒట్టు కోసమే రోజూ ఆయనకు స్నానం చేయిస్తోంది, మూతి తుడుస్తోంది, తిట్టించుకుంటోంది.

కొత్త వాల్వు సోమవారం సాయంత్రం గస్ పట్నం నుంచి తెచ్చిపెట్టాడు. “నేను బిగించి పెడతాలే, అరగంట పని,” అన్నాడు. అనీ అనకముందే కర్ర మోగింది. “కాదు! కాదు!” మరో మగాడు తన పడవలో పానా పట్టుకోవడమా, అంతకంటే మునిగిపోవడం మేలు.

“సరే మహానుభావా,” అంటూ గస్ వెళ్లిపోయాడు.

“నేనే చేస్తా,” అంది లోర్నా.

వెండెల్ నవ్వాడు. సగం మూతితోనే నవ్వినా పూర్తి నవ్వుకు సరిపడా విషం అందులో ఉంది.

ఆయన నవ్వడానికి కారణముంది. ఇన్నేళ్లలో ఆ పడవలో లోర్నా చేసిన ఉద్యోగం టార్చి పట్టుకోవడం. ఆయన ఇంజను కిందికి దూరేవాడు, ఈమె వెలుగు చూపించేది. వెలుగు కాస్త కదిలితే “దద్దమ్మ” అనేవాడు. ఒక వేసవిలో ఆయన ఊళ్లో లేనప్పుడు ముచ్చటపడి పడవ అంచుకు తనే రంగు వేసింది. ఆయన తిరిగొచ్చి, రేవులో వాళ్లంతా చూస్తుండగా, ఒక్క మాటా అనకుండా ఆ రంగంతా గీకేసి మళ్లీ వేశాడు. రెండు రోజులు పట్టింది ఆయనకు. అప్పుడు ఎవరూ నవ్వలేదు, అందరూ తలలు తిప్పుకున్నారు. లోర్నా దాన్ని ఇవాళ్టికీ మరిచిపోలేదు.

మంగళవారం తొమ్మిదింటికి మొదలుపెట్టింది. గోడ మీది స్విచ్చుల పలక దగ్గర గీజరూ నీళ్ల పంపూ ఆపింది. వేడినీళ్ల కుళాయి తిప్పి ఒత్తిడి వదిలింది. కూర్చునే బల్ల మీది చెక్కలెత్తి, అడుగున ఇరుక్కుని ఉన్న ట్యాంకుకు గొట్టం పెట్టి, నీళ్లన్నీ బకెట్లలోకి తోడి మెట్లెక్కి బయట పారబోసింది. ఏడు బకెట్లయ్యాయి. అరవై నాలుగేళ్ల మోకాళ్లు ఏడుసార్లు మొరపెట్టుకున్నాయి. ఎదురుగా కుర్చీలో దుప్పటి కప్పుకుని వెండెల్ అంతా చూస్తున్నాడు.

పక్కకి పడుకుని, చెయ్యి భుజం దాకా లోపలికి దూర్చి, పాత వాల్వుకు పానా తగిలించింది. టక టక టక.

“ఏమిటి?”

“కాదు.”

“ఈ పానా కాదా? మరి ఏది?”

కర్ర పెట్టెలోని పెద్ద పైపు పానా వైపు చూపించింది. దానితో పట్టు దొరికింది. ఆయన మాట నిజమవడం ఆమెకు ఇంకా మంట. పచ్చగా చిలుమెక్కిన ఆ ఇత్తడి ముక్క కిర్రుమని, మళ్లీ కిర్రుమని, చివరికి ఊడి చేతిలోకొచ్చింది. వేళ్ల కణుపులు రెండు చీరుకుపోయాయి.

కొత్త వాల్వు మర చుట్ల మీద తెల్ల టేపు చుట్టసాగింది. టక టక టక టక.

“దద్దమ్మ!”

“ఇప్పుడేమైంది?”

కర్ర కొన గాల్లో గుండ్రంగా తిప్పాడు. ఆమె చుట్టింది ఎదురు దిక్కున. బిగిస్తే టేపంతా ఊడొస్తుంది. విప్పి మళ్లీ చుట్టింది. చింత చచ్చినా పులుపు చావలేదు మొగుడికి.

“నోరు పడిపోయింది గాని నీ నస పడిపోలేదు చూశావా!” అంది కోపంగా. ఆయనకది మెచ్చుకోలులా వినిపించింది కాబోలు, హుషారుగా ఇంకో రెండు దెబ్బలు వేశాడు.

టార్చి నోట్లో కరుచుకుంటే కొట్టాడు. మోకాలు పానా మీద పడితే కొట్టాడు. గుడ్డ మర్చిపోతే కొట్టాడు. మూడు గంటల్లో ఏ గుడి గంటా అన్నిసార్లు మోగి ఉండదు. అయినా పన్నెండున్నరకు కొత్త వాల్వు నిటారుగా, గట్టిగా కూర్చుంది. లోర్నా లేచి నిలబడింది. రెండింటికి నీళ్లు వేడెక్కాలంటే ఇక క్షణం వృథా చేయకూడదు. కుళాయి కట్టేసి, స్విచ్చుల పలక దగ్గరికి వెళ్లింది. అది వెండెల్ మోకాళ్లకు ఎదురుగానే ఉంటుంది. పంపు స్విచ్చు పైన, గీజర్ స్విచ్చు దాని కింద. తొందరలో రెండు వేళ్లతో రెండూ ఒకేసారి నొక్కేసింది.

పంపు గుర్రుమంది. గీజర్ మీది ఎర్రదీపం వెలిగింది.

కర్ర మోగలేదు.

లోర్నా తిరిగి చూసింది. వెండెల్ ప్రశాంతంగా దీపం వైపు చూస్తున్నాడు. కర్ర ఒళ్లో అడ్డంగా పడుకుని ఉంది. మూడు గంటల్లో మొదటిసారి ఆయనకు వంక దొరకలేదు! లోర్నాకు ఆ సంగతి తట్టింది. ఆ నిశ్శబ్దాన్ని ఎవరైనా బహుమతిగా పొట్లం కట్టి ఇచ్చినట్టు తీసుకుంది, పిచ్చి మనిషి. పంపు ఆగేదాకా వాల్వు కింద పొడిగుడ్డ పెట్టి చూసింది. ఒక్క బొట్టు లేదు.

“చూశావా? నేనే చేశాను!” అంది.

ఆమె ఆయనకు కాఫీ కలిపి, డాక్టరు వద్దన్నా రెండో చెంచా చక్కెర వేసి ఇచ్చింది. ఏదో కాలిన వాసన సన్నగా వచ్చింది. గస్ పొయ్యి మీద ఏదో మాడబెట్టుకుని ఉంటాడనుకుంది. నేల తుడిచింది. ఆయన తల దువ్వింది.

ఒకటింబావుకు కుళాయి తిప్పింది. కాసేపు తుపుక్కు తుపుక్కుమని గాలి కక్కి, తర్వాత ధారగా చన్నీళ్లొచ్చాయి. ఇంకాసేపు ఆగింది. చన్నీళ్లే. బల్ల కింద చెయ్యి పెట్టి ట్యాంకు ముట్టుకుంది, రాయిలా చల్లగా ఉంది. దీపం మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది.

పడవ పనులన్నీ వెండెల్ ఒక నల్ల పుస్తకంలో రాసుకునేవాడు. ఆమె దాన్ని ఎప్పుడూ తెరవలేదు, తెరవనిచ్చేవాడు కాదు. ఇప్పుడు తెరిచింది. గీజర్ పేజీలో ఆయన ముత్యాల్లాంటి అక్షరాలు: ‘ముందు పంపు. కుళాయి తెరిచి ఉంచి, గాలి పోయి నీళ్లు ధారగా వచ్చాకే గీజర్ స్విచ్చు. ట్యాంకు నిండకుండా వేస్తే లోపల నీళ్లు కాచే కాయిల్ అర నిమిషంలో కాలిపోతుంది. లోర్నాను ఈ స్విచ్చు ముట్టుకోనివ్వకూడదు.’ దాని కింద: ‘కొత్త కాయిల్ ఒకటి స్పేర్, పడవ ముందువైపు బల్ల కింద, నీలం డబ్బా.’

ఆమె ఆ పేజీని రెండుసార్లు చదివింది. తర్వాత ఆయన ముందుకొచ్చి నిలబడింది.

“నువ్వు చూస్తున్నావు. నేను స్విచ్చు వేస్తుంటే చూస్తూనే ఉన్నావు కదూ?”

వెండెల్ కాఫీలోని చివరి గుక్క తాగాడు. సగం మూతి పైకి లేచింది. చాలా మెల్లగా, చప్పరిస్తున్నట్టు అన్నాడు.

“దద్దమ్మ.”

హోముకు పోవడమంటే ఆయనకు ప్రాణం పోవడమే. కాని లోర్నా బాగుచేసిన నీళ్లతో స్నానం చేయడం అంతకంటే ఘోరం. అయినా ఇదేమంత ప్రమాదమని ఆయన అనుకోలేదు. ఆమె ఏడుస్తుంది, నర్సు కాళ్లు పట్టుకుంటుంది, గడువు తెచ్చుకుంటుంది, కాయిల్ మారుస్తుంది, ఆయన మళ్లీ కర్ర కొడతాడు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా జరుగుతున్నది అదే కదా.

లోర్నా పడవ ముందువైపు బల్ల మూత ఎత్తింది. నీలం డబ్బా అక్కడే ఉంది. తీసి చూసింది, లోపల కాయిల్ తళతళలాడుతోంది. మార్చడానికి గంట పడుతుంది, పొద్దుటి నుంచి ఆ ట్యాంకు ఆనుపానులన్నీ చేతికి తెలిసిపోయాయి కూడా. డబ్బాను ఉన్నచోటే పెట్టింది. మూత వేసింది. మూత మీద దిండు వేసుకుని కూర్చుంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు.

యోలాండా సరిగ్గా రెండింటికి వచ్చింది. నేల పొడిగా ఉందని మెచ్చుకుంది. కుళాయి కింద వేలు పెట్టి కాసేపు చూసి, మొహం చిన్నబుచ్చుకుంది.

“అయ్యో లోర్నా! వాల్వు మార్చినా వేడి రావడం లేదే?”

“కాయిల్ కాలిపోయిందమ్మా. నేనే కాల్చేశాను.”

“పోనీ గురువారం దాకా హోముకు పంపే కాగితం ఆపుతాను. ఈలోగా బాగుచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీరే చేయగలరా?”

పక్క పడవలో గస్ సుత్తితో ఏదో కొడుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది.

“ఎవరూ లేరమ్మా,” అంది లోర్నా. “నాకా, చేతకాదు. నేను దద్దమ్మను. కావాలంటే ఆయన్నే అడుగు.”

కర్ర ఒక్కసారిగా విరుచుకుపడింది. నేలను కొట్టాడు, కుర్చీ కాలును కొట్టాడు, గస్ పడవ వైపు చూపించాడు. తర్వాత కర్ర ఎత్తి లోర్నా కూర్చున్న బల్ల వైపు పొడిచి పొడిచి చూపించాడు. ఆయన మొహం ఎర్రబడింది, పెదవి చివరి నుంచి చొంగ కారింది. యోలాండాకు కనిపించింది, భార్య మీదికి కర్ర ఎత్తుతున్న మొగుడు. ఆమె గబుక్కున ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడింది.

“ఆగండి వెండెల్, ఆగండి! ఎందుకంత కోపం? ఏమంటున్నారు లోర్నా?”

“ఏమీ లేదు. రోజూ ఇంతే.”

నర్సు ఆయన ముందు వంగి, చిన్నపిల్లవాడితో మాట్లాడినట్టు గట్టిగా అడిగింది. “తనకు చేతకాదంటోంది మీ ఆవిడ. నిజమేనా?”

“కాదు!” అని అరిచాడు వెండెల్. “కాదు! కాదు! కాదు!”

లోర్నా చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నది. ముప్ఫై ఎనిమిదేళ్లలో ఆయన ఆ మాట ఆమె తరఫున అనడం ఇదే మొదలు. నిజంగానే అంటున్నాడు, ఆమెకు చేతనవునని ప్రాణం పెట్టి అంటున్నాడు. అది ఆమెకు బాగా అర్థమైంది.

“ఆయనకు వచ్చింది ఆ మాటే కదా, పాపం,” అంది యోలాండా నిట్టూర్చి, పెన్ను తీసింది.

“అవును,” అంది లోర్నా. “ఆయన మేజోళ్లు ఏ సంచీలో సర్దమంటావు?”