వెయ్యి పలకలు, పైన ఒకటి

నేను ఒక సంఖ్యను. ఏడు లక్షల ఇరవై వేల ఏడు వందల ఇరవై. ఒకటి మొదలు పదహారు దాకా దేనితో భాగించినా నాలో శేషం మిగలదు. అయినా మనుషులకు చివర సున్నాలు బారులు తీరిన సంఖ్యలంటేనే మోజు. సరుకు ఎంత మంచిదైనా అక్కర పడే దాకా మూలన ఉండాల్సిందే. నేనూ ఉన్నాను.

నన్ను వెలికి తీసింది ఏటికొప్పాకలో లక్కపూసల పని చేయించే సన్యాసమ్మ. విశాఖ వ్యాపారి నాగలింగం చేతికి కట్టే దండలు అరవై వేలు అడిగాడు, దండకు పన్నెండు పూసలు. ఆమె దగ్గర పూసలు లెక్కపెట్టే చెక్క పలక ఉంది. దానికి ఏడు వందల ఇరవై గుంటలు. వెయ్యిసార్లు నింపితే లెక్క సరి. కానీ ఆమె ఇంకో పలక నింపమంది.

"వెయ్యితో అయిపోనాది కదా వదినా, ఇంకోటి ఏటికి?" అన్నాడు మరిది అప్పలకొండ.

"కొసరు నేకుండా సరుకిస్తామేట్రా?"

"ఈ కొసర్లతోనే కొంప ముంచుతావు" అని గొణుగుతూనే నింపాడు. అలా బయటికొచ్చాను. ఆ పూసలతో లక్కా అయిపోయింది. ఒకసారి వండిన లక్కకు వచ్చిన రంగు మళ్లీ వండితే రాదు.

దారానికి ఎక్కించబోయే ముందు నాగలింగం వచ్చాడు. నమూనా దండ తన చేతికి కట్టి చూసుకున్నాడు. అది ముడికి అందలేదు.

"పదమూడు వెయ్యమ్మా. దండలు తగ్గితే తగ్గాయి, యాభై అయిదు వేల నాలుగు వందలు ఇవ్వు. ఒక్కటి తగ్గినా, ఒక్క పూస రంగు మారినా మొత్తం వెనక్కే."

ఆ సరుకు వెనక్కొస్తే మరుసటేడు పూసలకు కర్ర కొనే దారి లేదు. అప్పలకొండ వెయ్యి పలకల్ని నేలమీద సుద్దతో భాగించాడు. పదహారు దండలు తక్కువొచ్చాయి. మళ్లీ చేశాడు, మళ్లీ అంతే.

"ఆ పైపలక కలిపి చెయ్యరా" అంది సన్యాసమ్మ.

కలిపాడు. యాభై అయిదు వేల నాలుగు వందల నలభై. ఒక్క పూస మిగల్లేదు. ఇందులో మాయేమీ లేదు. వెయ్యిలో పదమూడు కారణాంకంగా లేదు, వెయ్యిన్నొకటిలో ఉంది. దానితోపాటు ఏడూ పదకొండూ కూడా. ఆమెకు ఈ సంగతి తెలియదు. చెయ్యి అలవాటుగా కొసరు వేసింది, నా ఆస్తిలో సగం అక్కడ్నించే వచ్చింది.

"ఆ నలభై మీకు కొసరండి" అందామె. నాగలింగం నవ్వి, మరో దండ తన చేతికే కట్టించుకున్నాడు, పదమూడుది.

ఇప్పుడు నేను వాళ్లు పూసలు తిప్పే మర పక్క గోడమీద సుద్దలో ఉంటున్నాను. చెరిగినప్పుడల్లా అప్పలకొండే దిద్దుతాడు. మొన్న దిద్దీ దిద్దీ ఒళ్లు మండి అడిగాడు, "రేపెవడైనా పదిహేడంటే?"

సన్యాసమ్మ వేళ్లు ముడిచి కాసేపు లెక్కేసింది.

"అయిదు పూసలు మిగుల్తాయిరా. ముక్కుకు కట్టుకుందువుగాని."

నా బలహీనత అంతే, అయిదు పూసలు. దాన్నీ ఎవరికివ్వాలో ఆమె ముందే తేల్చేసింది.