గుమ్మంలో నూట నాలుగు జతలు

పొద్దున ఆరున్నరకి మెట్లు ఊడ్చే ముందు కుసుమకుమారి చెప్పులు పక్కకు జరుపుతుంది. ఎక్కువేం ఉండవు. రెండు జతలు, ఒక్కోరోజు మూడు. చీపురు తగలకుండా గోడవైపు పెట్టి, ఊడ్చాక మళ్లీ ముందుకు తెస్తుంది. ఈలోపు ఒక జత మాయమైతే, చదవడం అయిపోయినట్టుంది అనుకుని ఆ చోటు కూడా ఊడ్చేస్తుంది.

అవి ఆమె కూతురు దేవకృప బ్లాగు చదివేవాళ్ల చెప్పులు. ఎవరు ఎక్కడ కూర్చుని బ్లాగు తెరిచినా, చదువుతున్నంతసేపూ వాళ్ల చెప్పులు సైనిక్‌పురిలో ఈ అద్దె ఇంటి మెట్ల మీద ఉంటాయి. చదవడం ముగియగానే వెళ్లిపోతాయి.

బ్లాగు పేరు 'ఇంటి కొలత'. బీకాం అయ్యాక మార్చిలో మొదలుపెట్టింది. ఇంట్లో కొలవగలిగిందల్లా కొలిచి రాస్తుంది. గ్యాస్ బండ ఎన్ని రోజులొచ్చింది, మూత పెట్టి వండిన నెలలో ఎన్ని రోజులొచ్చింది, కిలో ఇడ్లీ రవ్వకు ఎన్ని ఇడ్లీలు. అన్నీ తనే దగ్గరుండి లెక్కపెట్టినవి. రాతలో తప్పు లేదు. చదివేవాళ్లే లేరు.

తండ్రి యేసురాజు తిరుమలగిరిలో ఒక స్కూలు ఆఫీసులో గుమాస్తా. అక్కడే కూతురికి ఒక కుర్చీ మాట్లాడి పెట్టాడు. జూన్ మొదటి సోమవారం చేరాలి. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా అడ్మిషన్ ఫారాలు నింపాక బ్లాగు ఏమవుతుందో కృపకు తెలుసు. నాలుగు రోజులు వాదించింది. చివరికి ఆయనే ఒక మాట అన్నాడు.

"మే ఆఖరి శనివారం నేను ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ఒకేసారి నూరు జతలుండాలి. ఉంటే ఉద్యోగం మాట మళ్లీ ఎత్తను. లేకపోతే సోమవారం నా బండెక్కు."

"చెప్పులే ఎందుకు నాన్నా? కంప్యూటర్‌లో లెక్క వస్తుంది కదా."

"ప్రార్థన కూడికలకి ఎంతమంది వచ్చారో ఇరవై ఏళ్లుగా చెప్పులు చూసే రాస్తున్నా. అదే నమ్ముతా."

"అమ్మ పెట్టిన చెప్పులు కూడా రాశారుగా," అంది కృప.

వంటింట్లో కుసుమకుమారి వినిపించుకోనట్టే ఉంది. ఈ ఇంట్లో మొదటి కూడికనాడు వానకి ఆరుగురే వచ్చారు. పాస్టరు గారు చిన్నబుచ్చుకుంటారని ఆమె పెట్టెలోని పాత చెప్పులన్నీ తీసి మెట్ల మీద పరిచింది. ఇరవై రెండు జతలు చూసి వెలిగిపోయిన మొహంతో లోపలికి వచ్చిన ఆయన, ఆరుగురిని చూసి కూర్చుని నవ్వాడు. యేసురాజు మాత్రం అప్పటికే పుస్తకంలో ఇరవై రెండు రాసేశాడు.

కృప ఇక సైట్ల మీద పడింది. ఏం చదవాలో తోచనివాళ్లకి, వాళ్ల ఇష్టాన్ని బట్టి కొత్త పేజీలు వెతికి చూపించే సైట్లుంటాయి. కొత్త బ్లాగును అక్కడ పెడితే కంటపడుతుందని చదివింది. మూడింట్లో చేరింది.

మొదటిది 'చూపుడువేలు'. పెట్టిన గంటలోనే తెర మీద 2,316 మంది వచ్చినట్టు చూపించింది. కృప గుమ్మం దగ్గరికి పరుగెత్తింది. రెండు జతలు. అందులో ఒకటి నాన్నది.

ఆ సైటు వాళ్లకి ఫోన్ చేస్తే విశ్వతేజ అనే అతను మాట్లాడాడు.

"నంబర్ బాగా పెరుగుతోంది కదా మేడమ్. ప్రాబ్లమ్ ఏంటి?"

"చెప్పులు రాలేదండీ."

"మేడమ్, మీరు గుమ్మం చూడటం మానేసి డ్యాష్‌బోర్డ్ చూడండి. చాలా హ్యాపీగా ఉంటారు."

ఆమె డ్యాష్‌బోర్డే చూసింది. గంటకి 2,316 అంటే సెకనున్నరకి ఒకరు. గంటసేపూ అంతే, ఒక్కసారి కూడా తేడా లేదు. పెళ్లి భోజనాల దగ్గర కూడా మనుషులు అంత సమంగా రారు. ఆ రోజే సైటులోంచి పేరు తీసేసింది.

రెండోది 'మెరుపు'. అక్కడ పేజీకి 'గ్యాస్ బండ రహస్యం' అని శీర్షిక పెడితే చెప్పులు నిజంగానే వచ్చాయి, అరవై దాకా. కానీ మెట్టు అంచున ఇలా తగిలి అలా పోతున్నాయి. వాచీ పెట్టి చూసింది. ఆరు సెకన్లు. రహస్యం కోసం వచ్చినవాళ్లు పట్టిక చూసి పారిపోతున్నారు. శీర్షిక మార్చింది. వచ్చేవాళ్లు పన్నెండు మందికి తగ్గారు గానీ నాలుగు నిమిషాలు ఉంటున్నారు.

మూడోది 'పిట్టగోడ', చిన్న సైటు. అక్కడ మన పేజీ ఒకటి పెట్టాలంటే ముందు వేరేవాళ్ల పేజీలు ఐదు చదివి, ఎందుకు బాగున్నాయో రెండేసి వాక్యాలు రాయాలి. కృప రోజుకి పది చదివేది.

"ఏ.ఎస్. రావు నగర్ పోదామంటే నీ చెప్పులు లేవు. మళ్లీ ఎవరి గుమ్మంలో వదిలావే?" అని తల్లి విసుక్కునేది.

"కుట్టు మిషన్ మీద ఎవరో బాగా రాశారమ్మా. రెండు నిమిషాలు."

అలా చదవగా చదవగా వాళ్లూ రావడం మొదలుపెట్టారు. పద్నాలుగు, ఇరవై తొమ్మిది, నలభై ఏడు. పైఅంతస్తులో ఉండే ఇంటి యజమాని బిక్షం, సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చినాయన, ఒకరోజు మెట్ల మధ్యలో ఆగిపోయాడు.

"ఏంది బిడ్డా, చిట్టీలు గిట్ల షురూ చేసిన్రా? గిన్ని చెప్పులేంది?"

"బ్లాగ్ అంకుల్."

"బ్లాగైతే సరే. నేను ఇంకేమో అనుకున్న. జెర కాలు పెట్టేటందుకు జాగ ఉంచు."

ఆఖరి శనివారం వచ్చింది. ఆ రోజు రాసింది 'మంచం నుంచి ఎన్ని అడుగులు'. వాళ్లింట్లో మంచం నుంచి కిటికీకి ఏడు, కుళాయికి పంతొమ్మిది, పొయ్యికి ఇరవై నాలుగు. వంటింట్లో అమ్మ రోజుకి నడిచేవి మూడు వేల పైన. నడక కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు కిటికీ దాకా వెళ్తే చాలని కింద ఒక వాక్యం చేర్చింది. ఐదున్నరకి పిట్టగోడ మీద పెట్టింది.

ఆరింటికి యేసురాజు బండి ఆపి గేటు దగ్గరే నిలబడిపోయాడు. మెట్లన్నీ నిండి, చెప్పులు తులసి కుండీ లేని ఆ ఖాళీ వాకిట్లోకి కూడా వచ్చేశాయి. వేలు చూపిస్తూ రెండుసార్లు లెక్కపెట్టాడు.

"నూట నాలుగు," అన్నాడు.

కుసుమకుమారి చప్పట్లు కొట్టింది. కాస్త తొందరగా కొట్టింది. కృప తల్లివైపు చూసింది. బుధవారం నలభై ఏడు, ఈ రోజు నూట నాలుగు. పైగా ఎక్కడినుంచో కలరా ఉండల వాసన.

మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో చెప్పులో చేయి పెట్టి చూసింది. అప్పుడే విడిచిన చెప్పు వెచ్చగా ఉంటుంది. వెళ్లిపోకముందే గబగబా నూట నాలుగూ చూసేసింది. చల్లగా ఉన్నవి తొమ్మిది. వాటిని తీసి గోడవైపు విడిగా పెట్టింది.

"తొంభై ఐదే నాన్నా," అంది. "మిగతావి అమ్మవి."

"నావి నాలుగే," అంది కుసుమకుమారి. అన్నాక నాలుక కరుచుకుంది.

"అంటే నువ్వు పెట్టావన్నమాట," అన్నాడు యేసురాజు.

"ఎక్కడ తక్కువవుతుందోనని పెట్టాను. దాని పదో తరగతి శాండిల్స్, బెల్టు తెగిన మీవి, నా రబ్బరువి రెండు జతలు. అంతే. ఆ ఐదూ నాకు తెలియదు."

"ఆరుగురిని ఇరవై రెండు చేసినదానివి. నీ నాలుగు నేను నమ్మాలా?"

"చల్లగా ఉన్నాయి కదమ్మా," అంది కృప.

"మంచం మీద పడుకుని చదివేవాళ్ల చెప్పులు వెచ్చగా ఎందుకుంటాయే? చదువుకున్నావు, ఆ మాత్రం తెలియదా?"

కృపకు తల్లి మాట నమ్మాలని ఉంది. అలా ఉన్నందుకే నమ్మకూడదనిపించింది.

పైనుంచి బిక్షం దిగి వచ్చి సంగతి విన్నాడు. కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు.

"గేటు కాడ డ్యూటీల ఎన్ని ఏండ్లు చేసిన్నో తెలుసా? వచ్చినోణ్ని రాసుడు కాదు, పోయినోణ్ని రాయాలె. చదివేటోళ్లవైతే పోతయి. మీ అమ్మవైతే ఈడ్నే ఉంటయి. జెర ఆగుండ్రి."

నలుగురూ కూర్చున్నారు. కుసుమకుమారి టీ తెచ్చింది. వెచ్చటి చెప్పులు ఒక్కొక్కటే వెళ్లిపోతున్నాయి, కొత్తవి వస్తున్నాయి. వాటినెవరూ లెక్కపెట్టలేదు. అందరి చూపూ గోడవైపే. ఆరూ ఇరవైకి ఒక తోలు జత పోయింది. యేసురాజు కప్పు కింద పెట్టాడు. కాసేపటికి పిల్లవాళ్ల కొలతది ఒకటి, ఆ వెనకే రెండు. తొంభై తొమ్మిది.

ఐదు జతలు మిగిలాయి. నాలుగు తల్లి తనవని ఒప్పుకున్నవే. ఐదోది కృప చేతిలోకి తీసుకుంది. ఆడవాళ్లవి, ఆరో నంబరు. ఎడమ చెప్పు అడుగు అట్ట కుడిదానికంటే రెండు వేళ్ల మందం ఎక్కువ, ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకి చేయించినట్టు. అడుగున దుమ్మే లేదు. సైజు స్టిక్కరు కొత్తగా అలాగే ఉంది. కొన్నాక ఒక్కసారి కూడా తొడిగి నడిచినట్టు లేదు.

"ఇది మాత్రం కొన్నావా అమ్మా?"

"మనింట్లో ఆ కొలత కాలు ఎవరికుందే?"

"పావుగంటలో చదివేది," అన్నాడు యేసురాజు. "గంట దాటింది. ఎవరు చదువుతారు ఇంతసేపు?"

కృప లోపల లెక్క వేసుకుంది. పేజీలో ఎనిమిది వందల మాటలు. ఎంత నిదానంగా చదివినా ఆరేడు నిమిషాలు. తండ్రి అడిగింది సరైన ప్రశ్నే. చెప్పులు గోడ దగ్గర పెట్టేసి, సోమవారం ఏ చీర కట్టుకోవాలో అని ఆలోచించడం మొదలుపెట్టింది.

యేసురాజు లేచాడు. బండి తాళం కోసం జేబు తడుముకున్నాడు. అప్పుడు ఆ జత పోయింది.

"నూరు," అన్నాడు బిక్షం, గేటు పుస్తకంలో రాయిస్తున్నవాడిలా.

యేసురాజు తాళం బయటికి తీసి, మళ్లీ జేబులోనే వేసుకున్నాడు. "సోమవారం ఆఫీసులో చెప్పేస్తాలే, ఇంకెవరినైనా చూసుకోమని," అన్నాడు. కుసుమకుమారి తన నాలుగు జతలూ ఒళ్లో పెట్టుకుని లోపలికి వెళ్లబోయింది.

పది నిమిషాలు కూడా కాలేదు. గోడ దగ్గర, సరిగ్గా అదే చోట, ఆ మందం అట్ట చెప్పులు మళ్లీ వచ్చి ఉన్నాయి.

కృప అలవాటు కొద్దీ చేయి పెట్టింది. రెండూ వెచ్చగా ఉన్నాయి. తిరగేసి చూసింది. అడుగున పల్చగా దుమ్ము. స్టిక్కరు ఒక మూల లేచి, మడత పడింది.

"ఏమైందే?" అంది తల్లి.

"పద్నాలుగు," అంది కృప.

"పద్నాలుగేంటి?"

"మంచం మీంచి కిటికీ దాకా వెళ్లి, తిరిగి రావడానికి అడుగులు."

యేసురాజు తన బూట్లు విప్పి, ఆ జతకి తగలకుండా దూరంగా పెట్టి, లోపలికి వెళ్లాడు.