బొటనవేలి తొడుగు

కుడిచేతి బొటనవేలికి గుడ్డ తొడుగు తొడుక్కుని, దాని నాడాను పళ్ళతో లాగి బిగించి, అతను స్ట్రాబెర్రీ మడి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎండ ఇంకా గోడ దిగలేదు. ఆకుల అంచులకు మంచు బొట్లు వరసగా పట్టి ఉన్నాయి. మూడు రెక్కల ఆకునొకదాన్ని ఎడమచేత్తో పైకెత్తి చూశాడు. ఉంది. పండుకు చీమలు పట్టలేదు, నత్త కొరకలేదు. కింద పరిచిన ఎండుగడ్డి మీద పక్కకు ఒరిగి పడుకుని, ఎర్రగా, గోలీకాయకంటే కాస్త పెద్దగా ఉంది. తొడిమ కింద మాత్రం సన్నటి తెల్లని అంచు మిగిలింది.

మోచేతుల మీద వంగి ముక్కు దాని దగ్గర పెట్టాడు. వాసన ఉంది గానీ, గుమ్మం అవతల నిలబడ్డ కొత్త చుట్టంలా లోపలికి రావడానికి మొహమాటపడుతోంది.

బొటనవేలు దానంతటదే లేచింది. గుడ్డలో ఉండి కూడా లేచింది. అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"కోస్తావా, జోలపాట పాడతావా?" కిటికీలోంచి అక్క గొంతు.

"తెల్లంచు పోలేదక్కా. సాయంత్రానికి పండుతుంది."

"నిన్నా ఇదే మాట. అది పండేలోపు నేను రాలిపోతా."

అక్క మాటకు బదులు చెప్పి నెగ్గినవాడు ఇంతవరకూ పుట్టలేదు. అమ్మ పోయాక తనను పెంచింది ఆమే. కుట్టుపని చేసి చదివించింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది. కానీ అతను చేసిన ఒక్క పనినీ "బాగుంది" అనలేదు. మొదటి జీతం తెచ్చిస్తే నోట్లు తడిగా ఉన్నాయంది.

కొన్నేళ్ళ కిందట ఒక పాడు జ్వరం వచ్చి, పోతూపోతూ ఆమె నాలుక మీది రుచినీ, ముక్కులోని వాసననూ మూటగట్టుకుపోయింది. అప్పట్నించీ ఏం పెట్టినా "అట్టముక్క" అని పళ్ళెం నెట్టేస్తుంది. ప్రాణం నిలిచేంత తింటుంది, ఒళ్ళు నిలిచేంత తినదు. ఈ చలికాలం అదీ తగ్గించింది. మణికట్టు మీది గాజు మోచేతిదాకా జారుతోంది. డాక్టరు పక్కకు పిలిచి, "తినాలన్న కోరిక ఆవిడకే పుట్టాలి, మందులో అది ఉండదు" అన్నాడు.

కోరిక గురించి అక్క ఒక్కసారే మాట్లాడింది, అదీ జ్వరం తగ్గిన కొత్తలో. చిన్నప్పుడు ఎవరో పెద్దింటివాళ్ళ తోటలో కలుపు తీయడానికి వెళ్ళి, ఆకు చాటున కనబడ్డ చిన్న స్ట్రాబెర్రీ ఒకటి నోట్లో వేసుకుందట. "ఆ రాత్రి చెయ్యి కడుక్కోకుండా చెంప కింద పెట్టుకుని పడుకున్నాన్రా" అంది. అని, ఎక్కువ వాగానన్నట్టు గోడవైపు తిరిగింది.

ఆ మాట పట్టుకుని అతను నర్సరీకి వెళ్ళాడు. తిరుగుతూనే ఉన్నాడు.

మొదట పెద్దకాయ రకం తెచ్చాడు. కాయ పిడికిలంత వచ్చింది, లోపల మాత్రం తెల్లటి బోలు. "నీళ్ళు తాగాలంటే కుండ ఉందిగా" అంది అక్క. తర్వాత తెచ్చిన రకం మడంతా తీగలు పాకి, తీగ తీగకూ పిల్ల మొక్క పెట్టి, కాయ కాయడం మర్చిపోయింది. "పిల్లల్ని కంటోంది, పాలివ్వట్లేదు" అంది. చివరికి నర్సరీ ఆయన విసిగి, నీడన మూలకు పెట్టిన రెండు కుండీలు చూపించి, "ఇది వాసన రకం. ఎవరూ కొనరు. కాయ చిన్నది, కోసిన పూటకే మెత్తబడుతుంది. దారి తట్టుకోదు" అన్నాడు.

దారి తట్టుకోదు! ఆ మాట అతను రోజూ తను పనిచేసే పళ్ళ షెడ్డులో వినేదే. ఇంటికి తెచ్చుకునేటప్పుడు తట్టింది, మడికీ అక్క మంచానికీ మధ్య అసలు దారే లేదని, ఒక్క గుమ్మమే ఉందని.

మొవ్వు మట్టిలో కూరుకుపోకుండా పైకి ఉంచి నాటాడు. తొలి పూలు గిల్లేశాడు. పాకే తీగలు కత్తిరించాడు. అంతా పుస్తకంలో రాసినట్టే చేశాడు. కాయలు పట్టాయి, రంగు తిరిగాయి. ఒక్కటీ దక్కలేదు. ఒక్కోదాని మీద ఒక్కో గుంట పడి, గుంట దగ్గర గోధుమరంగు తిరిగి, కుళ్ళిపోయాయి. ఏ పురుగో తెలీక తల పట్టుకుని కూర్చుంటే, ఒక కాయ చేతిలోకి తీసుకుని చూసి చెప్పింది అక్క.

"పురుగు కాదు. నీ వేలు."

నిజమే. రోజూ పొద్దున ఆకెత్తి చూసేటప్పుడు ప్రతి కాయనూ అతను నొక్కాడు. నొక్కుతున్నట్టు తనకే తెలియదు. ఆమె ఇంకేమీ అనకుండా పాత జాకెట్టు గుడ్డ చింపి, లోపల దూది పెట్టి, కంటికి ఆనకపోయినా తడుముకుంటూ ఈ తొడుగు కుట్టింది. "నీ దొంగకు సంకెల" అని చేతిలో పెట్టింది.

*

పళ్ళ షెడ్డులో అందరూ అతన్ని "బొటనవేలు" అనే పిలుస్తారు. దూరం ఊళ్ళకు వెళ్ళే పళ్ళు బెల్టు మీద కదిలి వస్తుంటే, అతని వేలు ఒక్కోదాన్ని నొక్కి వదులుతుంది. గట్టిది ముందుకు పోతుంది. లొంగినది కింది బుట్టలో పడుతుంది. నల్లబడి, గోరు అరిగి, కొన బల్లపరుపుగా అణిగిన ఆ వేలికి కళ్ళతో పనిలేదు.

పండునే కాదు, మనుషులనూ అది అలాగే చూసింది. పెళ్ళి మాటలు వచ్చిన రోజుల్లో చూసిన ప్రతి మనిషిలోనూ అతనికి ఎక్కడో ఒక మెత్తటి చోటు తగిలేది. ఒకామె ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంకొకామె ప్రతి మాటకూ నవ్వింది. వద్దన్నాడు. తనలో మెత్తటి చోటు ఎవరికైనా తగిలితే తననూ బుట్టలోకే తోస్తారని లోపల భయం. అందుకే ఎవరి చేతికీ అందకుండా ఉండిపోయాడు. మడి ముందు కూర్చున్న పొద్దుల్లోనే ఈ సంగతి కొంచెం కొంచెంగా అర్థమవుతూ వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఒక పండు అతని చేతిలోకి వచ్చి ఆగిపోయింది. వేలు లేవలేదు. బదులుగా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తియ్యటి వాసన. ముందుకు వదిలేశాడు.

బెల్టు చివర్నించి మేస్త్రీ కేక పెట్టాడు. "ఏమయ్యా బొటనవేలూ! ఇది పండా, తలగడా? నిద్రపోతున్నావా?"

ఎదుటి వరసలో నిలబడే ఆమెను రేడియో అంటారు, పొద్దున మొదలుపెడితే ఆగదు కనుక. ఆమె అందుకుంది. "అన్నయ్య ఇరవై నాలుగ్గంటలూ ఎక్కడో ఉంటున్నాడు మేస్త్రీ. ప్రేమలో పడ్డాడేమో అడగండి."

"ఈ వయసులోనా? ఎవరితో?"

"మా పెరట్లోనే ఉంటుంది" అన్నాడు అతను, పండు మీంచి కళ్ళెత్తకుండా. "ఎర్రగా ఉంటుంది. ముట్టుకుంటే కందిపోతుంది."

వరసంతా గొల్లుమంది. "రేడియో నోరు మూయించాడురోయ్!" అన్నారెవరో. అతని నోట హాస్యం విన్నవాళ్ళు షెడ్డులో అంతకుముందు లేరు. చెవులు వేడెక్కాయి. వేలు మళ్ళీ పనిలో పడింది గానీ, పెదవి చివర ఆ నవ్వు సాయంత్రం దాకా చెరిగిపోలేదు.

*

ఇంటికి దాదాపు పరుగెత్తాడు. గోడ మీద ఒక పిట్ట కూర్చుని, మెడ వంచి మడివైపే చూస్తోంది. "నీ వంతు రేపే పో" అని చెయ్యి విదిలించి, తొడుగు తొడుక్కుని, ఆకెత్తాడు. తెల్లంచు లేదు.

"ఒరేయ్" అని లోపల్నించి అక్క. "పెరట్లోకి ఎవరొచ్చారు?"

"ఎవరూ లేరు. నేనే."

"మరి ఆ వాసనేంటి?"

అతను కూర్చున్నచోటే కూర్చుండిపోయాడు. ఆ వాసన ఆమె ముక్కుకే తగిలిందో, పాత జ్ఞాపకానికే తగిలిందో అతనికి తెలియదు. ఒకప్పుడైతే "ఏ వాసనక్కా? ఎలా ఉంది? నిజంగానా?" అని నొక్కి నొక్కి అడిగేవాడు. ఇప్పుడు నొక్కలేదు. పండును తాకకుండా, కాడను ఎడమచేతి గోళ్ళతో తెంచి, అరచేతిలో పెట్టుకుని, ఆ ఒక్క గుమ్మమూ దాటాడు.

అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంతేనా?" అంది. కొరికింది. కళ్ళు మూసుకుంది. దవడ కదులుతూ కదులుతూ ఆగింది, మళ్ళీ నెమ్మదిగా కదిలింది. మిగిలిన ముక్క నోట్లో పెట్టుకుని తొడిమను కూడా చప్పరించింది. ఎర్రటి రసం వేళ్ళ సందుల్లోకి కారింది.

అతను చెంబుతో నీళ్ళు, తువ్వాలు తెచ్చి నిలబడ్డాడు.

"నీళ్ళెందుకు?" అంది అక్క. "చెయ్యి కడుక్కోను."

అతని చేతిలో చెంబు ఒరిగి, సగం నీళ్ళు నేలపాలయ్యాయి. ఆమె చూడనట్టే, రసం అంటిన వేళ్ళతో అతని బొటనవేలు పట్టుకుని, నాడా విప్పి, తొడుగు లాగేసింది.

"ఇంకెందుకిది. దొంగ మారాడు." తర్వాత, "ఇంకోటి ఎప్పుడు?"

"ఎల్లుండి, అక్కా."

"అయితే ఎల్లుండి దాకా ఉండాలన్నమాట" అని విసుక్కుంది. విసుక్కుని, "ఈలోపు తినడానికి ఏముంది ఇంట్లో?" అంది.

అక్క ఎల్లుండి దాకా కాదు, కాపు అయ్యేదాకా ఉంది. ఒకటి, రెండు, గిన్నెడు. వాటితోపాటు రెండు పూటలా భోజనం. గాజు మళ్ళీ మణికట్టు దగ్గర ఆగింది. "ఇవాళ్టిది నిన్నటంత లేదు" అని ప్రతి సాయంత్రం వంక పెడుతుంటే, పక్కింటివాళ్ళు కూడా వినేలా అతను నవ్వేవాడు. తొలి వానలకు చివరి పండు తిని, ఆ మర్నాడు మధ్యాహ్నం నిద్రలోనే పోయింది, కుడిచెయ్యి చెంప కింద పెట్టుకుని. అతనికి ఒక్క పండైనా మిగల్చలేదు.

ఆ చలికాలం అతను పాకిన తీగలు కత్తిరించకుండా వదిలాడు. పిల్ల మొక్కలు రేడియోకు ఒకటి, మేస్త్రీకి ఒకటి, నర్సరీ ఆయనకు కుండీ నిండా ఇచ్చాడు. మళ్ళీ కాపు వచ్చినప్పుడు ఉత్తచేత్తోనే ఆకెత్తాడు. బొటనవేలు లేచి పండు కిందకి వెళ్ళి, పసిపాప గడ్డం కింద ఆగినట్టు ఆగింది.

తొడుగు మాత్రం పెరటి తలుపు మేకుకు అలాగే వేలాడుతోంది, చూపు ఆనకపోయినా తడిమి దగ్గర దగ్గరగా వేసిన కుట్లతో, వేలు లేకపోయినా వేలి ఆకారం విడవకుండా, నాడా దగ్గర అక్క వేళ్ళ ఎర్రటి మరకతో.